విరగబూసిన జీడిమామిడి

మా మేనత్తకు ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. కొద్దిపాటి పొలం ఉన్న రైతులచేత జీడిమామిడి, పండ్ల తోటలు వేయించి, అవి కాపుకొచ్చేదాకా వాళ్ల వెంట ఉండటం ఆమె ఉద్యోగం. జీతం రైతుల సంఘం ఇస్తుంది. కూరగాయల సాగులో తప్పు జరిగితే నెల తిరగకుండా తెలిసిపోతుంది, దున్నేసి మళ్లీ వేసుకోవచ్చు. చెట్టు సంగతి అలా కాదు. ఈరోజు చెప్పిన మాటలో పొరపాటుంటే, అది బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

"నేను చెప్పిన మాటలన్నీ మట్టిలో ఉన్నాయే. ఏది ఎప్పుడు పైకి లేస్తుందో!" అంటూ ఉంటుంది.

అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలోనే ఉంచుకుని గోడవైపు చూస్తుంది. అంటే ఏదో పల్లపు తోటలో నీళ్లు నిలిచాయేమోనన్న బెంగ పట్టుకుందన్నమాట. ఊళ్లలో ఆమెకు 'అనుమానం మేడమ్' అని పేరు. ఇంట్లోనూ అంతే.

"మా ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు మా అమ్మను పలకరించడం మానేసి గుమ్మం తట్టి చూసింది, చెద ఉందేమోనని," అంటాడు మావయ్య.

"ఉందిగా మరి!" అంటుంది అత్త.

సెలవులకు నేను వాళ్లింట్లో ఉన్నప్పుడు ఒక ఉదయం ఆ ఫోన్ వచ్చింది. చేసినతన్ని అందరూ తొందరాయన అంటారు. అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకం. అలాంటి మనిషి, ఏళ్ల తరబడి కాచుకోవాల్సిన జీడిమామిడి వేశాడంటే ఊరంతా నవ్వింది. అదీ ఏ మూలో కాదు, అత్త మాట మీద ఉన్న కాస్త పొలమంతా తోటే చేశాడు. గింజ పండించుకోవడానికి చారెడు నేల మిగల్చలేదు. ఆ తోట నిలబడితేనే ఆ ఇల్లు నిలబడేది.

"చెల్లెమ్మా! ఉన్నపళంగా బయల్దేరి రా. నా తోట చూస్తే నీ కళ్లు చెదిరిపోవాలి!" ఆయన అరుపు వంటింట్లో ఉన్న నాకు కూడా వినిపించింది.

"పూత బాగా వచ్చిందా అన్నయ్యా?"

"అన్నీ పూశాయి. మధ్య వరసలో ఒకటుంది చూడు, అదీ పూయడమంటే! కొమ్మ కనబడటం లేదు. పక్క ఊరివాళ్లను కూడా రమ్మన్నాను చూడ్డానికి."

అత్త గొంతు తగ్గింది. "ఆ ఒక్కటేనా అలా పూసింది? ఆకులెలా ఉన్నాయి?"

"పూలు చూడవమ్మా అంటే ఆకులడుగుతావేంటి!"

ఫోన్ పెట్టేసి అత్త పీట మీద కూలబడింది. మంచి కబురే కదా అన్నాను.

"ఒక్క చెట్టు పక్కవాటన్నిటినీ మించి పూసిందంటే అదృష్టమైనా అయ్యుండాలి, లేదా... ఆ అదృష్టంతో నాకింకా పరిచయం కాలేదే."

"లేదా?"

"చచ్చిపోయే ముందు కొన్ని చెట్లు ఉన్న బలమంతా పూతకే పెట్టేస్తాయి."

సంచిలో ఉలి, సుత్తి, ఇనుప తీగ, వేపనూనె డబ్బా పెట్టుకుంది. నేనూ స్కూటర్ వెనక ఎక్కాను. గుంతలు లేనిచోట కూడా అత్త నెమ్మదిగానే నడిపింది. త్వరగా చేరుకోవడం ఆమెకు ఇష్టం లేదనిపించింది.

తోటలో ఆ చెట్టును ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. పాలిపోయిన గులాబీ రంగు పూత కొమ్మ కొమ్మనా కప్పేసి, ఎండలో చెట్టంతా మెరుస్తోంది. తేనెటీగల రొద గట్టు దాకా వినిపిస్తోంది. నేను అంత అందమైన చెట్టును ఎప్పుడూ చూడలేదు. కానీ అత్త ముఖం చూశాక నాకు ఆ రొద వినబుద్ధి కాలేదు. పూల మధ్య అక్కడక్కడా ఉన్న ఆకులు చిన్నగా, పసుపుపచ్చగా పండిపోయి ఉన్నాయి.

"ఎలా ఉంది? ఇప్పుడను, నేను తొందరపడ్డానని!" తొందరాయన చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

అత్త చెట్టు మొదలువైపు చూస్తోంది. మోకాలెత్తున ఎండుటాకులు, గడ్డి కాండానికి అంటుకునేలా కుప్పపోసి ఉన్నాయి. "అన్నయ్యా, మొదలు దగ్గర బెత్తెడు ఖాళీ వదలమన్నాను కదా?"

"చెత్త కప్పమన్నది నువ్వే. తడి ఆరకుండా ఉంటుందన్నావు. కాస్త కప్పితే మంచిదైనప్పుడు, నిండా కప్పితే ఇంకా మంచిదే కదమ్మా!"

అత్త వంగి కూర్చుంది. ఆమె చెయ్యి కుప్ప మీదికి వెళ్లి ఆగిపోయింది. తొందరాయన భార్య అది చూసింది. ఆమె పక్కనే కూర్చుని, "తియ్యి వదినా. లోపలున్నది మనం తీసినా ఉంటుంది, తీయకపోయినా ఉంటుంది," అని తనే రెండు చేతులతో కుప్పను లాగేసింది.

పుల్లటి వాసన వచ్చింది. కాండం చుట్టూ రంపం కింద రాలినట్టు ముద్దలు ముద్దలుగా చెక్కపొట్టు, దాని మీద గడ్డకట్టిన గోధుమరంగు జిగురు. అత్త ఉలి ఆనించగానే బెరడు తడిసిన అట్టలా ఊడి వచ్చింది. లోపలంతా సొరంగాలే. ఒక సొరంగంలోంచి వేలంత లావు తెల్లటి పురుగు తల బయటపెట్టి, వెలుగు తగలగానే వెనక్కి ముడుచుకుంది.

అత్త ఉలితో కాండం చుట్టూ తట్టుకుంటూ వెళ్లింది. ఎక్కడ తట్టినా అదే బోలు శబ్దం.

"తడి చెత్త అంటుకున్న చోట పురుగు చేరింది. ఇది బతకదన్నయ్యా. వేళ్లతో సహా తీసేసి కాల్చెయ్యాలి. ఇప్పుడే."

"పూత మీదున్న చెట్టునా? మతి ఉండే అంటున్నావా? కాయ దిగాక కొడదాం."

"కాయ దిగేలోపు ఈ పురుగులకు రెక్కలొస్తాయి. అప్పుడు అవి ఊరుకోవు, పక్క చెట్ల మొదళ్లు వెతుక్కుంటాయి."

"నువ్వు భయపడటం, మమ్మల్ని భయపెట్టడం! అనుమానం మేడమ్ అని ఊరికే అన్నారా!"

అత్తకు కోపం రాలేదు. "నిజంగానే భయంగా ఉంది అన్నయ్యా. ఊపిరాడనంత భయంగా ఉంది. కప్పమన్నది నేనే కదా. ఒక్క మాట చెప్పు. చెట్లన్నిటికీ ఇలాగే కప్పావా?"

ఆయన తలతిప్పి వరసల వైపు చూశాడు. మేమూ చూశాం. ప్రతి చెట్టు కిందా మోకాలెత్తు కుప్ప.

"అన్నిటికీ," అంది ఆయన భార్య. "నేనే మోశాను ఆ గడ్డి అంతా."

ఆయన ఇంకేమీ వాదించకుండా వెళ్లి గొడ్డలి తెచ్చాడు. ఒక్కో దెబ్బకూ పూలు ఆయన తల మీద, భుజాల మీద రాలాయి. చెట్టు నేల మీద పడ్డాక కూడా తేనెటీగలు దాన్ని వదల్లేదు.

వేళ్లు తవ్వి కాల్చడం సాయంత్రానికి ఉంచి, అందరం మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో కుప్పా లాగాం. పక్క చెట్టుకూ పొట్టు కనబడింది, కానీ తాజాది, కొద్దిగా. అత్త తీగ పెట్టి పురుగును లాగి, బెరడు శుభ్రం చేసి వేపనూనె పూసింది. దాని అవతలి చెట్టుకు బెరడు సగానికి పైగా పోయింది, దాన్నీ కొట్టెయ్యమంది. ఈసారి ఆయన కారణమడగలేదు. ఆ తర్వాతి వరసలో ఏమీ లేదు. దాని తర్వాత కూడా ఏమీ లేదు. ఎండ నడినెత్తికొచ్చేసరికి తోటంతా చూడటం అయిపోయింది. రెండు చెట్లు పోయాయి, ఒకటి బతుకుతుందో లేదో తెలియదు. మిగతా తోట నిలిచింది.

"ఇక భయం లేదా వదినా?" అడిగింది ఆయన భార్య.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ మళ్లీ వరసల వైపు చూసింది. ఇంతలో వెనక వరసలోంచి తొందరాయన పిలిచాడు. ఇందాక చూసేసిన చెట్టు దగ్గరే మళ్లీ కూర్చుని ఉన్నాడు. అరచేతిలో చిటికెడు ఏదో ఉంది.

"చెల్లెమ్మా, ఇది పొట్టా, మట్టా?"

అత్త వెళ్లి ఆయన పక్కన మోకరిల్లింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"మట్టే అన్నయ్యా."

"సరిగ్గా చూశావా?"

అత్త మళ్లీ నలిపింది. "మట్టే."

ఆయన చెయ్యి దులుపుకుని పక్క చెట్టు దగ్గరికి జరిగాడు.