అప్పయ్యమ్మ గీయించిన సున్నపు గీత

నర్సీపట్నం చేపల బజారులో నేను పందొమ్మిదేళ్ళు, గంపకింతని వసూలు చేసే ఆశీలుకి చీట్లు రాశాను. ఏ గంప ఎప్పుడు దిగింది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, అంతా నా కళ్ళ ముందే జరిగేది. అందుకని అప్పయ్యమ్మ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆవిడ మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. నా మీద నాకున్నదీ అంతే.

అప్పయ్యమ్మది రేవుపోలవరం. తెల్లవారుతూనే ఒడ్డున చేపలు వేలంపాటలో కొనుక్కుని, అడ్డరోడ్డుకి వచ్చి బస్సెక్కి, ఎనిమిది కాకముందే మా బజారులో దిగేది. గేటు దాటగానే కుడిచేతి వైపు, గోడనానుకుని ఉన్న మొదటి చోటు ఆవిడది. 1988 నుంచీ అక్కడే. మొగుడు పోయాడు, కొడుకు ఎవరి పడవ మీదో కూలికి వెళ్తాడు. గోనెపట్టా వెడల్పున్న ఆ నేలే ఆవిడకి పొలం. కొయ్యూరు నుంచి దిగే జనానికీ, నాతవరం నుంచి షేర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళకీ గేటు దాటీ దాటగానే కనబడేది ఆవిడే. ఆ చోటు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మనిషి మంచిదే. మెత్తబడ్డ చేప అమ్మడం నేను చూడలేదు. కానీ ఆవిడ బుర్రలో రెండే గంపలుండేవి. లోకంలో ఏదైనా సరే ఈ గంపలో పడాలి, లేదంటే ఆ గంపలో పడాలి. చేపల గంపని బస్సు లోపల పెట్టనిచ్చిన కండక్టరు మనోడు, టాపు మీద వెయ్యమన్నవాడు పగోడు. మొప్ప ఎత్తి చూసి కొనేవాళ్ళకి బుద్ధుంది, చూడకుండా కొనేవాళ్ళకి లేదు. సూది వేసేవాడే డాక్టరు, మాత్రలు రాసేవాడు కాడు. జ్వరాన్ని బట్టి రెండూ అవసరమేనమ్మా అని ఓసారి నేనన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏం చేస్తాను, పొద్దున్నే మొదట కనబడే మొహం ఆవిడదే.

పక్క చోటు అప్పలలక్ష్మిది. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకి వదినా మరదళ్ళు. ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. ఒకే బస్సులో వచ్చేవారు, ఒకే గ్లాసు టీ చెరిసగం తాగేవారు.

మా బజారులో అప్పట్లో ఒక పద్ధతుండేది. ఎవరైనా రాకపోతే, పక్క చోటు మనిషి వాళ్ళ చోటులో తడి గోనె పరవాలి. తడి గోనె ఉందంటే ఆ మనిషి మళ్ళీ వస్తుందని అర్థం. అందులో ఇంకెవరూ గంప దించరు. గోనె ఎండితే మళ్ళీ నీళ్ళు చల్లాలి. ఒకరి గోనె ఒకరి దగ్గర ఎప్పుడూ ఉండేది. అప్పయ్యమ్మది ఎర్రదారంతో అతుకు వేసిన గోనె, అది అప్పలలక్ష్మి దగ్గరుండేది. కోడలి పురుడికని అప్పయ్యమ్మ ఇరవై రోజులు రాకపోతే అప్పలలక్ష్మి తడిపింది. అప్పలలక్ష్మికి టైఫాయిడ్ వస్తే అప్పయ్యమ్మ నెల పైనే తడిపింది.

98లో అప్పలలక్ష్మి మొగుడి పడవ అలలకి విరిగిపోయింది. ఆయన మళ్ళీ వేటకి వెళ్ళలేదు. సరిగ్గా అప్పుడే మా ఊరికి ఐసు పెట్టెల్లో చెరువు చేపలు రావడం మొదలైంది. బొచ్చెలు, శీలావతులు. సముద్రపు చేప దొరకని రోజుల్లో అప్పలలక్ష్మి ఓ పెట్టె దింపించుకునేది.

అప్పయ్యమ్మ ఊరుకుంటుందా? అది చేపే కాదంది. సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళు ఒకరు, వదిలేసినవాళ్ళు ఒకరు, నువ్వెటో తేల్చి చెప్పమని బజారంతా వినేలా నిలదీసింది. అప్పలలక్ష్మి గొడవ పడలేదు. వంజరం దొరికిన రోజు వంజరం అమ్ముతాను, దొరకని రోజు బొచ్చె అమ్ముతాను, పిల్లలకి రెండు రోజులూ ఆకలేస్తుంది కదా అంది. ఇంత చిన్న మాట అప్పయ్యమ్మ చెవికెక్కలేదు. ఆ రోజు నుంచి మాటలు బందు.

మూడేళ్ళు అలాగే పక్కపక్కన మూతులు ముడుచుకుని కూర్చున్నారు. అప్పలలక్ష్మి దగ్గర ఎవరైనా బేరం ఆడితే చాలు, ఇటు సముద్రం, అటు మురుగు అని అప్పయ్యమ్మ అందుకునేది. చివరికి 2001లో ఏడుగురి చేత వేలిముద్రలు వేయించిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సముద్రపు చేపలు ముందు వైపు, చెరువు చేపలు వెనక వైపు, మధ్యలో గీత ఉండాలి. అటువాళ్ళు ఇటు గంప దించకూడదు, గోనె వెయ్యకూడదు. మా ఆశీలు కాంట్రాక్టరుకి అది నచ్చింది. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? రోజూ ఆ సణుగుడు వినలేక చస్తున్నాను. నేనే దగ్గరుండి నేల మీద సున్నంతో గీత గీయించాను. అప్పలలక్ష్మి తన పెట్టె తీసుకుని వెనక వరసకి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన చోటులోకి సోమలమ్మ అనే ఆవిడ వచ్చింది గానీ, ఐసులో పెట్టిన చేప సముద్రపు చేప ఎలా అవుతుందని అప్పయ్యమ్మ రోజూ దెబ్బలాడుతుంటే నాలుగో రోజుకి లేచిపోయింది. తర్వాత ఆ పక్కన ఎవరూ కూర్చోలేదు.

2003 వేసవిలో అప్పయ్యమ్మ ఒడ్డున కాలు జారి పడింది. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడింది. సరిగ్గా ఆ నెలల్లోనే మా బజారులో సిమెంటు దిమ్మలు కట్టడం మొదలుపెట్టారు. ఏ చోటులో ఎవరున్నారో చూసి, వాళ్ళ పేరునే దిమ్మ రాస్తారు. తడి గోనె ఉన్నా మనిషి ఉన్నట్టే లెక్క. ఆ జాబితా రాసింది నేనే. నా పుస్తకంలో రెండే గళ్ళు, ఉన్నారు, లేరు.

జాబితా రాసే పొద్దున అప్పలలక్ష్మి నీళ్ళు కారుతున్న గోనె పట్టుకుని గీత దగ్గరకొచ్చి నిలబడింది.

"మా వదినికి కాలిరిగిపోనాది బాబూ. ఒచ్చేత్తాది. గోనె నాను ఏత్తాను" అంది.

నువ్వు అటు వైపు దానివి, ఇటు గోనె వెయ్యడానికి లేదన్నాను. ఆ నియమం పెట్టించింది మీ వదినే అని కూడా అన్నాను. అందులో తప్పేం లేదు, కాగితం మీద ఉన్నదే చెప్పాను. కానీ లోపల నాకు కసి ఉంది. పదిహేనేళ్ళు నన్ను సాధించింది కదా, ఇప్పుడు అనుభవించనీ అనుకున్నాను. లేరు అన్న గడిలో టిక్కు పెట్టాను. గోడ పక్క చోటూ, దాని పక్క ఖాళీ చోటూ కలిపి కోడిమాంసం అమ్మే సింగన్నకి వెళ్ళాయి. సముద్రపు వైపుకి కోళ్ళు రాకూడదని కాగితంలో ఎవరూ రాయలేదు మరి.

శ్రావణంలో అప్పయ్యమ్మ కర్ర పట్టుకుని, గంప కొడుకు చేత మోయించుకుని వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. తన చోటులో దిమ్మ, దాని మీద కోళ్ళ గూళ్ళు. బజారు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా నా బల్ల దగ్గరకొచ్చింది.

"నా సోటులో గోనె ఎవులూ ఎయ్యనేదా బాబూ?"

ఎవరూ రాలేదని చెప్పి తప్పించుకోవచ్చు. నోరు రాలేదు. మీ వదిన తడి గోనె పట్టుకుని వచ్చింది, గీత దాటకూడదని నేనే పంపేశాను అన్నాను.

అప్పయ్యమ్మ నేల వైపు చూసింది. సున్నం సగం చెరిగిపోయి ఉంది.

"గీత గీయించింది నానే కదా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నా ప్రాణం కాస్త కుదుటపడేది. పుస్తకంలో సంతకాలైపోయాయి, నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గంప ఎత్తమని కొడుక్కి సైగ చేసి గేటు వైపు తిరిగింది.

"వదినా!"

వెనక వరస నుంచి అప్పలలక్ష్మి పిలిచింది. ఐదేళ్ళ తర్వాత మా బజారులో ఆ పిలుపు వినడం అదే.

"బేగి రా. ఎండెక్కితే సేప మెత్తబడిపోద్ది."

అప్పలలక్ష్మి దిమ్మ మీద సగానికే ఐసు పెట్టె ఉంది. మిగతా సగం మీద తడి గోనె, ఎర్రదారం అతుకుతో. మూడు నెలలుగా రోజూ చీటీ ఇస్తూ ఆ గోనె చూస్తూనే ఉన్నాను. ఐసు కోసం పరిచిందనుకున్నాను.

అప్పయ్యమ్మ గీత దాటి, కర్ర గోడకి చేరేసి, ఆ గోనె మీద గంప దించింది. అప్పలలక్ష్మి టీ కోసం బయటికి వెళ్ళింది. ఈలోగా కృష్ణదేవిపేట నుంచి వచ్చిన ఒకావిడ పెట్టెలోని బొచ్చెని చూపించి, నిన్నటిదా అని అడిగింది. అప్పయ్యమ్మ అటూ ఇటూ చూసింది. చేప అప్పలలక్ష్మిది, ఆవిడేమో ఇంకా రాలేదు, చెప్పాల్సింది తనే. పెట్టెలో చెయ్యి పెట్టి, మొప్ప ఎత్తి చూపించింది.

"సూడమ్మా, ఎర్రగున్నాది. పొద్దున్న దిగినదే. మా వదినిది, పట్టుకెళ్ళు."

అప్పలలక్ష్మి టీ తెచ్చింది, ఒకే గ్లాసులో.