కాక చదవని చివరి పుట

మా చిన్నాన్న విఠల్ కాక పరమపదించారన్న దుర్వార్త, నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ బడిలో నేను పాఠం చెబుతుండగా పిడుగులా వచ్చి పడింది. సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే కలిసి చాయ్ తాగాం. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?

నాందేడ్ బజారులో బట్టల దుకాణం ఆయన జీవనాధారం, గ్రంథపఠనం ప్రాణాధారం. మా వాళ్లకు ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. తెలుగు అక్షరం పోల్చుకోగలిగినవారు బహు అరుదు. అందుకే గిరాకీ పలచబడే మధ్యాహ్నవేళ కాక గద్దె మీద కూర్చుని తెలుగు నవలలు బిగ్గరగా చదివేవారు. ఉమ్రి, ముఖేడ్‌ల నుంచి బజారుకొచ్చిన రైతులు, లోపలి గడప దగ్గర కూర్చునే ఆయన భార్య, మా చిన్నమ్మ ఆయన శ్రోతలు. నాకు తెలుగు ఓనమాలు దిద్దించిందీ ఆ గద్దె మీదే.

మా ప్రాంతాన్ని పీడించిన కరువు వెళ్లిన మరుసటేడు హైదరాబాదు నుంచి ఒక నవల తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆ పాపం నాదే. అందులో కరువుకు ఊరు విడిచిన తండ్రి, నిద్రపోతున్న కూతుర్ని స్టేషన్‌లో వదిలేసి రైలెక్కుతాడు. వెనుదిరిగి చూడడు. అంతటితో కథ సమాప్తం. కాక మాత్రం, తండ్రి రైలు దిగి పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకున్నట్టు చదివారు. అందరూ వెళ్లాక నేను మండిపడ్డాను.

"పుస్తకంల లేనిది చదువుడేంది కాకా?"

"ఎదురుంగ కూసున్నోళ్లు ఎవలురా? దుష్కాళంల పిల్లలను చుట్టాల ఇండ్లల్ల ఇడిశిపెట్టి కూలికి పోయినోళ్లు. ఎట్ల చదువుదు? రాసినోని చెయ్యి ఇరిగిపోను! గని ఒక్క మాట అబద్ధం రాయలేదురా."

ఆ నవలను ఆయన తిట్టని రోజు లేదు, మళ్లీ తెరవని రోజూ లేదు. "ఒకనాడు ఉన్నదున్నట్టు చదువుత, జర ధైర్యం రానియ్యి" అనేవారు. ఏళ్లు గడిచాయి. ఆ ధైర్యం రాకముందే మృత్యువు వచ్చింది.

పదోనాటి కర్మ ముగిశాక చిన్నమ్మ ఆ నవల తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఆఖరుది చదువు బిడ్డా. ఉన్నదున్నట్టు."

అసలు ముగింపు వేరని ఎలా తెలిసిందని అడిగాను.

"తండ్రి మల్లొచ్చి పిల్లను ఎత్తుకున్నడని చదువుకుంట మీ కాక ఎక్కెక్కి ఏడ్శిండు. దొరికిన పిల్లకు గట్ల ఏడుస్తరా? నాకు గప్పుడే సమజైంది."

చదివాను. రైలు కూత వేసేదాకా గొంతు నిలిచింది. ఆ తర్వాత, కాకను నిలదీసిన ఈ నోరే, ఏం చేయను, తండ్రిని రైలు దింపేసింది.

"నువ్వు గూడ గంతేనా కొడుకా" అంటూ చిన్నమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

కాకా, మీ పాదాలకు నమస్కారం. మన దుకాణంలో ఆ పుట చదవగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. నావల్ల కావడం లేదు.