ముక్కు లేని బండిలో మావయ్య

మావయ్య పోయాడన్న కబురు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఫోన్‌లో అత్తయ్య ఏడుపు వినగానే నేను అడిగిన మొదటి మాట, "ఏ రోడ్డు మీద?"

"రోడ్డు కాదమ్మా, ఇంట్లోనే. అన్నం తిని లేచి, చెయ్యి కడుక్కుంటూ సింక్ దగ్గరే కూలిపోయారు" అంది. అంబులెన్స్ వచ్చేసరికే గుండె ఆగిపోయిందట.

ఇన్నేళ్ళూ నేను భయపడింది వేరే కబురు గురించి.

ఆయన మా అమ్మకి తమ్ముడు. గుంటూరు వైపు లారీ నడిపినవాడు. అమెరికా వచ్చాక కొన్నాళ్ళు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసి, ఆ తర్వాత మళ్ళీ స్టీరింగే పట్టుకున్నాడు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి కార్ల విడిభాగాలు ఒహాయోకి, ఇండియానాకి చేరవేసేవాడు. నేను ఎంఎస్ చదవడానికి వచ్చిన మొదటి చలికాలంలో, దగ్గర్లోని ట్రాయ్‌లో ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి మంచు మీద కారు నడపడం నేర్పాడు. కారు పక్కకి జారి నేను కెవ్వుమంటే ఆయన నవ్వలేదు. "నాకూ భయంగానే ఉంది. బ్రేకు మీంచి కాలు తియ్యి" అన్నాడు.

మా ఇళ్ళల్లో మగవాళ్ళు భయమేస్తోందని చెప్పగా నేను అంతకుముందు వినలేదు. ఈయన ఆకలేస్తోందన్నంత మామూలుగా చెప్పేవాడు. "భయం పోయిన రోజున తాళాలు ఇచ్చేసి ఇంటికొచ్చేస్తా" అనేవాడు. మంచు కురిసే ఉదయాల్లో ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "రోడ్లు బాలేవు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకో" అని పెట్టేసేవాడు. తను మాత్రం ఆ రోడ్ల మీదే ఉండేవాడు. అలాంటి రోజుల్లో ఆయన ఇల్లు చేరాడని తెలిసేదాకా నాకు ఏ పనీ సాగేది కాదు.

తర్వాత నాకు దగ్గర్లోనే నోవైలో ఉద్యోగం వచ్చింది. మా కంపెనీ ట్రక్కుల క్యాబిన్లు డిజైన్ చేస్తుంది. అమెరికా ట్రక్కుకి ముందు పొడవాటి ముక్కు ఉంటుంది, ఇంజిన్ అందులో ఉంటుంది. యూరప్‌లోనూ, మన దేశంలో ఎక్కువ లారీలకూ ఆ ముక్కు ఉండదు. డ్రైవర్ ఇంజిన్ పైనే కూర్చుంటాడు, ఎదురుగా అద్దం, అద్దం అవతల రోడ్డు. అలాంటిదాన్ని ఇక్కడ క్యాబోవర్ అంటారు. ఒకప్పుడు ఈ దేశంలోనూ బాగానే తిరిగేవట. ట్రక్కు పొడవు మీద నియమాలు సడలి, పొడవాటి ముక్కుకి చోటొచ్చాక కనుమరుగయ్యాయి. యూరప్ తరహా క్యాబోవర్‌ని ఇక్కడి డ్రైవర్లు మళ్ళీ ఎక్కేలా చెయ్యాలన్నది మా ప్రాజెక్టు. అందులో డ్రైవర్ పాదాలుండే చోటు డిజైన్ చెయ్యడం నా పని. ప్రాజెక్టు ఆగిపోతే మా టీమ్ ఉండదు. హెచ్‌వన్ వీసా మీద ఉన్న నేను వెంటనే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి.

నమూనా బండి తయారయ్యాక, పనిలో ఉన్న డ్రైవర్ల చేత నడిపించి అభిప్రాయం అడగాలనుకున్నారు. నేను మావయ్యకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ముక్కు లేనిదా?" అన్నాడు.

"నా జాబ్ దీని మీదే ఉంది మావయ్యా. ఒక్కసారి డ్రైవ్ చేసి బాగుందని చెప్పు."

"వస్తాలే" అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహం లేదు.

బండి నడిపే రోజున, చలికాలమే అయినా, ఎండ కాస్తోంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఊళ్ళో వీధుల్లో తిప్పినంతసేపు ఆయన ముఖం విప్పారి ఉంది. ఇరుకు మలుపుల్లో బండి సులువుగా తిరుగుతోంది. ఒక షాపు ముందు వాకర్ పట్టుకుని రోడ్డు దాటుతున్న ముసలావిడ కోసం ఆగి, "నా బండి అయితే దాని ముక్కు చాటున ఈవిడ దాగిపోయేది. ఇందులో చెప్పులు కూడా కనిపిస్తున్నాయి" అన్నాడు.

తర్వాత ఫ్రీవే ఎక్కాం. ఒక వంతెన మీద, మాకు ముందు వెళ్తున్న పికప్ ట్రక్కు ఇంకా కరగని మంచు మీద జారి గిర్రున తిరిగి మాకు అడ్డంగా వచ్చేసింది. మావయ్య బ్రేకు తొక్కెయ్యలేదు. కొద్దికొద్దిగా వేగం తగ్గిస్తూ బండిని పక్కకి తెచ్చి ఆపాడు. మా అద్దానికి అవతలే ఆ పికప్ తలుపు. లోపలున్న అమ్మాయి నోరు తెరుచుకుని మావైపే చూస్తోంది. ఆమె కళ్ళకి పెట్టుకున్న రంగు కూడా నాకు కనిపించింది. కాసేపటికి ఆమె బాగానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపింది.

నేను మావయ్య వైపు తిరిగాను. ఆయన హ్యాండ్ బ్రేకు వేసి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, మోకాళ్ళని చేతులతో చుట్టుకుని కూర్చున్నాడు.

"మావయ్యా, ఏం కాలేదు. కాళ్ళు దించు."

"దిగట్లేవే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. గుంటూరు రోజుల్లో తన ముందు వెళ్తున్న స్నేహితుడి లారీ, పొగమంచులో ఆగి ఉన్న చెరకు ట్రాక్టర్‌ని గుద్దుకుందట. ఆ లారీకీ ముక్కు లేదు. జనం ఇనుము వంచి బయటికి లాగేదాకా ఈయన అతని చెయ్యి పట్టుకునే ఉన్నాడు. "నా కాళ్ళున్నాయారా అని అడుగుతూనే ఉన్నాడు. ఉన్నాయనే చెప్పాను" అన్నాడు. వాళ్ళు లాగింది శవాన్ని.

"ఈ క్యాబిన్ అలాంటిది కాదు మావయ్యా. గోడకి గుద్ది మరీ టెస్ట్ చేశాం."

"నిజమే అయ్యుంటుంది. ఆ మాట నా కాళ్ళకి చెప్పు."

చివరికి కంపెనీ మనిషి ఒకతను వచ్చి ఆ బండిని వెనక్కి తీసుకెళ్ళాడు.

మీటింగ్ గదిలో మా మేనేజర్ "ఇలాంటిది కొంటారా?" అని అడిగితే, మలుపుల్లో ఎంత సులువో, రోడ్డు ఎంత బాగా కనిపిస్తుందో మావయ్య ముందు ఓపిగ్గా చెప్పాడు. ఆ తర్వాత, "నేను కొనను. ఇందులో కూర్చుంటే నాకు భయం" అన్నాడు. అంతవరకూ సీటు కుదుపు గురించీ, పడుకునే చోటు చాలదనీ సణుగుతున్న ఇంకో డ్రైవర్, ఒక గడ్డపాయన, తల వంచుకుని, "నాకూ అదే" అన్నాడు.

తిరిగి వస్తూ కారులో నాకు ఏడుపు ఆగలేదు. 

"అబద్ధం చెబుదామనే వచ్చానే" అన్నాడు మావయ్య. "ఆ పికప్ తిరగకపోతే చెప్పేసేవాణ్ణే. ఇప్పుడు ఎట్లా చెప్పను? రేపు ఆ గడ్డపాయన అందులో ఎక్కుతాడు."

ప్రాజెక్టు ఆగలేదు గాని చిక్కిపోయింది. దూరప్రయాణాల బండి ఆలోచన పక్కన పెట్టి, నగరాల్లో సరుకులు దింపే చిన్న క్యాబోవర్ చేస్తున్నారు. సగం మందిని పంపేశారు. రోజూ తలుపు తెరిచే బ్యాడ్జ్ పనిచేస్తుందో లేదో అనుకుంటూ ఆఫీసు ముందు నిలబడేదాన్ని. పనిచేస్తూ వచ్చింది. డ్రైవర్ పాదాల ముందు ఇప్పుడు ఇంకొంచెం చోటు, ఇంకొంచెం ఉక్కు ఉన్నాయి. ఇక్కడివాళ్ళు వాటికి అలవాటు పడతారో లేదో నాకు తెలియదు. మావయ్య మాత్రం కలిసినప్పుడల్లా "మీ ముక్కు లేనిది ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవాడు, దూరపు చుట్టం ఆరోగ్యం కనుక్కున్నట్టు.

అంత్యక్రియలయ్యాక, ఆయన ట్రక్కులోని సామాను తెచ్చుకోవడానికి అత్తయ్యా నేనూ ట్రక్ యార్డ్‌కి వెళ్ళాం. అత్తయ్య ఎక్కలేనంటే నేనే పైకెక్కి, మొదటిసారి ఆయన సీట్లో కూర్చున్నాను. ఎదురుగా ముక్కు పొడవునా తెల్లటి మంచు పేరుకుంది. దాని మీద ఏదో పిల్లి అడుగులు. ఇంజిన్ ఇంకా వెచ్చగా ఉంటుందనుకుని ఎక్కినట్టుంది. ఆ చివర మొదలై, ఒక్కొక్కటే, సరిగ్గా నా ముందున్న అద్దం దాకా వచ్చి, అక్కడ కాసేపు తచ్చాడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.