ఫోటో కోసం బ్యాగు

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

నిన్న కామారెడ్డిలో విత్తనాల దుకాణంలోకి అడుగుపెట్టగానే పత్తిగింజలకు పట్టించిన మందు ఘాటు ముక్కుకు తగిలింది. గోడ మీద కంపెనీ పోస్టరు. నీలం బ్యాగుతో నవ్వుతున్న పిల్ల, కింద 'మా విత్తనంలో పిల్లల శ్రమ లేదు' అని రాత. ఒళ్లు మండింది.

చిన్నప్పుడు ఎల్లారెడ్డి దగ్గరి చేనులో నేనూ మా అక్కా విత్తనం పత్తికి క్రాసింగు చేసేవాళ్లం. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు రుద్దే పని. మొక్క ఎత్తూ మా ఎత్తూ ఒకటే, అందుకే మేము కావాలి. ఒకనాడు కంపెనీ సారు జీపులో వచ్చి, మా వీపులకు కొత్త బ్యాగులు తగిలించి ఫోటో తీయించాడు. ఇక బడికే అనుకున్నాం.

"సారూ, రేపటి సంది బడికి పోవుడేనా?" అంది అక్క.

"ఏం బడే? ఫోటో అయిపోయింది. బ్యాగు ఇటియ్యి, ఇంకో ఊర్ల గూడ ఫోటో దిగాలె."

అక్క అతని చెయ్యి కసుక్కున కొరికింది. సూదిమందు కోసం సారు కామారెడ్డి దాకా ఉరికాడు.

సరే, ఒప్పుకుంటున్నాను. కొరకడం నా కల్పన. అక్క నిజానికి బ్యాగుకు అంటిన పుప్పొడిని లంగా అంచుతో తుడిచి, రెండు చేతులతో సారుకిచ్చి, మళ్లీ సాలులోకి నడిచింది. అందుకే ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా కొరికిస్తాను.