నది నడుమ గీత

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న గడివేముల రైతు, వయసులో ఉండగా ఇరాక్‌లో కూలిపని చేశానన్నాడు. నమ్మకం కుదరక, ఇరాన్‌తో ఆ దేశానికి యుద్ధమెందుకు వచ్చిందని అడిగాను.

ఆయన కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో ఆ రెండు దేశాల నడుమ పారే నదిని గీసి, నడుమ ఒక గీత పెట్టాడు.

"సరిహద్దు ఈడ గాదు, అవతలి గట్టున అన్యారప్పా ఇరాకోళ్లు. ఎనిమిదేండ్లు కొట్టుకున్యారు. ఆఖరికి గీత యాడ పడిందనుకున్యావ్? ఈడనే. నమ్మకుంటే పుస్తకాల్లో సూసుకో సారూ."

"ఇప్పుడెక్కడికి వెళ్తున్నారు?"

"ఆళ్లగడ్డలో తమ్మునింటికి. పొలం గట్టు కోసం వానిమీద కేసేసినా. వాపసు తీసుకుంటానని చెప్పొస్తా."

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. యుద్ధానికి కారణాలు ఆయన చెప్పినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. గీత మాత్రం పాతచోటే ఉంది.