రేపట్నుంచి రాకు

ప్లీడరు మావ పోయారని మొన్న పొద్దున్నే మా ధాన్యం మిల్లుకి కబురొచ్చింది. బాయిలరు వెలిగించొద్దని చెప్పి, బొబ్బిలి బజారంతా నడిచి వాళ్లింటికి వెళ్లాను. దారిపొడవునా ఆయన మీద కోపమే.

పనివాళ్ల చట్టాల విషయంలో మా ఊరి మిల్లులన్నిటికీ ఆయనే దిక్కు. సలహా అంటే మన పక్షాన చెప్పేదనుకుంటాం కదా? ఆయన దగ్గర అదేం కుదరదు. మొర పెట్టుకుంటే నోట్లోంచి చుట్ట తీసి, “ఆడేటన్నాడు?” అనేవారు. పనివాణ్ని అడక్కుండా వెళ్లామో, మిట్టమధ్యాహ్నమని కూడా చూడకుండా వెనక్కి పంపేసేవారు. ఎంత విసుగొచ్చేదో చెప్పలేను.

మా మిల్లులో “రేపట్నుంచి రాకు” అన్నది తిట్టు. మా నాన్న కాలం నుంచీ అంతే. సాయంత్రం అంటాం, పొద్దున్న వాళ్లు మామూలుగానే వస్తారు. ఒకసారి ఉప్పుడు బియ్యానికి నానబెట్టిన ధాన్యం సరిగ్గా ఉడకలేదని బాయిలరు మనిషిని అదే మాటన్నాను. కొత్తవలస నుంచి కొత్తగా వచ్చినవాడు, నిజమనుకుని రాలేదు. వాడికోసం మిగతావాళ్లూ పని ఆపేశారు. తొట్టెల్లో నానిన ధాన్యం వాసనెక్కడం మొదలైంది. ఇంకో పూట ఆగితే పారబోయడమే.

పరిగెత్తాను. “తిట్టాను మావా, తీసెయ్యలేదు!”

“నీకది తిట్టురా అల్లుడూ. సట్టానికి తీసీసినట్టే. కారణం సెప్పినావా? ఆడి జవాబు ఇన్నావా?”

“ధాన్యం కుళ్లిపోతన్నాది మావా!”

“మరిక్కడేటి సేస్తన్నావు? ఎల్లి అడుగు.”

వెళ్లి అడిగాను. ఆవిరి గొట్టం పూడిపోయిందట. ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చు కదా అంటే, “రాకన్నారు. ఇంకేటి సెప్పను బాబూ?” అన్నాడు.

వాడొచ్చాడు, ధాన్యం దక్కింది. ఆ మాట మాత్రం మావ నాకు నిషేధించారు. కోపంలో సగం అనేసి, గుర్తొచ్చి, “రేపట్నుంచి... పెందలాడే రా” అని సర్దుకునేవాణ్ని. మిల్లంతా నవ్వేది. ఆయన పుణ్యమాని ఇన్నేళ్లుగా గొడవలు లేవన్నదీ నిజమే. ఆ రుణం తీరేది కాదు.

ఆయన మంచం పట్టాక రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ని. పోయే ముందురోజు గంజి తాగమని బతిమాలుతుంటే గిన్నె తోసేసి, “ఎల్రా! రేపట్నుంచి రాకు” అన్నారు. నవ్వొచ్చింది. కారణం చెప్పలేదేం, నా జవాబు వినరేం అని మర్నాడు నిలదీద్దామనుకుంటూ వచ్చేశాను.

నేను వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. కిటికీలో సగం కాలిన చుట్ట అలాగే ఉంది. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను.

తిట్టనే అనుకున్నాను.