వెంటపడని ముద్ద

ఘీత జెల్లాబాలనే పొడవాటి అంగీలకు పట్టుదారంతో బొత్తాలు అల్లుతుంది. సెఫ్రూ ఊళ్ళో ఆమె అంత ఓర్పుగా ముళ్ళు వేసేవాళ్ళు లేరంటారు. అలాంటి మనిషిని నాలుగేళ్ళ కొడుకు జవాద్ ముప్పుతిప్పలు పెట్టాడు. కూర చూస్తే మూతి బిగిస్తాడు, బలవంతం చేస్తే నేలమీద పడి దొర్లుతాడు. వాడి నానమ్మ తామో ముద్ద పట్టుకుని మేడమెట్ల దాకా వెంటపడి, సగం మింగించి, యుద్ధం గెలిచినట్టు ఆయాసపడుతూ దిగివచ్చేది.

ఆసుపత్రిలో నర్సు వాణ్ణి తూచింది.

"ఆర్నెల్లయినా అరకిలో పెరగలేదమ్మా. రోజంతా ఏం తాగుతున్నాడు?"

ఆ ప్రశ్న ఘీతను వదల్లేదు. మర్నాడు బొత్తాలు పక్కనపెట్టి కొడుకునే కనిపెట్టి చూసింది. పొద్దున్నే నానమ్మ దగ్గర పుదీనా టీ, రొట్టెముక్క. పక్కింట్లో ఒక గ్లాసు, మూలమీద దర్జీ కొట్లో ఇంకోటి. ఇంటికి ఏ చుట్టం వచ్చినా టీ పొయ్యాల్సిందే, పక్కన కూర్చున్న పిల్లాడికీ అరగ్లాసు. సాయంత్రానికి ఏడు గ్లాసులయ్యాయి, అన్నీ చక్కెర పాకాలే. ఇంక వాడికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"అత్తయ్యా, రేపట్నుంచి వాడికి టీ పొయ్యొద్దు. వెంటపడి తినిపించనూ వద్దు."

"పసివాడి నోటికాడిది లాక్కుంటావా? ఏడుగుర్ని పెంచాన్నేను. తాతకు దగ్గులు నేర్పకు."

"ఆకలి రుచి ఎరగదంటారుగా. ముందు ఆ ఆకల్ని రానివ్వండి."

తామో ఆ పూట నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది. పక్కింటికి వెళ్ళి అదే చెబితే, ఆ ఇంటావిడ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "మా టీలో విషమేమైనా కలుపుతున్నామా?" అంది. ఘీత తలవంచుకుని అంతా విని, మళ్ళీ అదే మాట చెప్పి వచ్చింది.

మొదటి వారం నరకం. జవాద్ టీ కోసం గొంతు చించుకున్నాడు, తల్లి ముంజేయి కొరికాడు. ఆమె కొట్టలేదు, బతిమాలలేదు. "ఏడువు నాన్నా, నేనిక్కడే ఉన్నా," అని పక్కనే కూర్చుని ముళ్ళు వేసుకుంది. వేళకి పళ్ళెం పెట్టింది, వాడు ముట్టకపోతే తీసేసింది. తన పంతం బిడ్డ ప్రాణం మీదికి తెస్తుందేమోనని లోలోపల వణికిపోయింది. అయినా పట్టు వదల్లేదు.

శుక్రవారం గోధుమరవ్వతో వండిన కుస్కుస్ ఒకే పెద్ద పళ్ళెంలో పెట్టుకుని దాని చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు, వాణ్ణి తనకూ నానమ్మకూ మధ్య కూర్చోబెట్టింది.

"ఎవరి ముందున్నది వాళ్ళది. ఇది నీ వైపు. తింటావో మానతావో నీ ఇష్టం."

వాడివైపు ఎవరూ చూడకూడదని ముందే చెప్పింది. ముద్ద చేయబోయిన తామో చేతులు మధ్యలోనే ఆగాయి. ఆ రోజు వాడు ఒకే ఒక్క శనగ తిన్నాడు. మరుసటి శుక్రవారం గుమ్మడిముక్క నాకి వదిలేశాడు.

మూడో శుక్రవారం వీధిలో పొద్దంతా ఆడి వచ్చి, కూర్చున్నవాడు తలెత్తలేదు. తన వైపు గుంట తవ్వినట్టు ఖాళీ చేసి, గట్టు తెంచుకుని నానమ్మ వైపు చెయ్యి పెట్టాడు.

"అది నా వైపురా," అంది తామో, అలవాటుకొద్దీ.

"ఆకలేస్తోంది నానమ్మా."

ఆ మాట వాడి నోట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. ఘీతకు కళ్ళు నిండిపోయాయి. వాడు ఆఖరి గుమ్మడిముక్క కూడా లాక్కున్నాక తామో కోడలి వైపు తిరిగింది.

"వచ్చేవారం ఇంకాస్త ఎక్కువ వండమ్మాయ్. నాకేం మిగల్లేదు."